పాత ఆజ్ఞకు కొత్త హద్దులు

కంప్యూటరు తన డిస్కునకు పంపు ఆజ్ఞలలో తక్కినవన్నియు నమ్మకముపై నడచునవి. చదువుమన్న చదువుననియు, వ్రాయుమన్న వ్రాయుననియు, అడిగినదానికి బదులు చెప్పుననియు విశ్వసించియే వానిని పంపుట జరుగును. రీసెట్ అను ఆజ్ఞ యొక్కటియే ఆ విశ్వాసము చెడిన పిమ్మట, ఎదుటి పరికరము ఏ స్థితిలో నున్నదో, అసలు మాట వినుచున్నదో లేదో ఎరుగక, ఎరుగుటకు మార్గమును లేక, కడపటి యుపాయముగా నిచ్చునట్టిది. అట్టి ఆజ్ఞకు నిన్నటి పరికరము ఒక యర్థమును, నేటి పరికరము మరియొక యర్థమును చెప్పుకొనినయెడల అది ఆపత్సమయమున అక్కరకు రాకపోవుటయే గాక ఆపదను రెట్టింపు చేయును. కావున దాని యర్థమును మార్చరాదు. అయినను, డిస్కులు మారి, తీగలు మారి, ఒక డిస్కును ఒక్క యంత్రమే గాక పదియంత్రములు పంచుకొను కాలము వచ్చిన పిదప మార్చక గడువదు. ఈ చిక్కును అమెరికాలోని ప్రమాణ సంఘములు నాలుగు దశాబ్దములుగా విడదీసికొనుచు వచ్చిన తీరు, పొగడ్తకు నోచుకొనని గొప్ప పనులలో నొకటియని నా యభిప్రాయము.

ముందుగా నొక అపోహను తొలగింపవలెను. చేతిలోని ఫోనును రీసెట్ చేసినపుడు అందలి చిత్రములు, చిరునామాలు అన్నియు మాయమగుట మనకు అలవాటైన సంగతి గావున, డిస్కును రీసెట్ చేసినను సమాచారమంతయు తుడిచిపెట్టుకొని పోవునని పలువురు తలచుచుందురు. అట్లు కాదు. డిస్కుపై వ్రాయబడి యున్నది వ్రాసినట్లే నిలిచి యుండును. పోవునది దాని నడుపుదలకు సంబంధించిన వ్యవహారము: వరుసలో వేచియున్న ఆజ్ఞలు, ఏ యంత్రమునకు వశమై యున్నదను లెక్క, అంతకుముందు కంప్యూటరు చేసిపెట్టిన ఏర్పాట్లు. తుడిచివేయుటకు వేరు ఆజ్ఞలు గలవు; వాని ప్రసంగము ఇచట అక్కరలేదు.

1984లో ఐబీఎం సంస్థ పీసీ-ఏటీ అను యంత్రమును విపణిలో ప్రవేశపెట్టినపుడు, అందలి హార్డ్ డిస్కును నడుపుటకు వెస్టర్న్ డిజిటల్ వారి కంట్రోలరు కార్డొకటి అమర్చబడి యుండెను. ఆ కార్డుతో మాటలాడుటకు గల ద్వారములలో, ఇంజనీర్లకు అలవాటైన పదునారింటి లెక్కలో 3ఎఫ్6 అను చిరునామా గలదొకటి. సున్న మొదలుకొని లెక్కించినపుడు దానియందలి రెండవ బిట్టును ఒకటిగా చేసి, కొంత సేపు ఆగి, మరల సున్న చేసినయెడల కార్డు రీసెట్ అగుచుండెను. దాని ప్రక్కనున్న మూడవ బిట్టునకు రీసెట్‌తో ఏ సంబంధమును లేదు. ఎనిమిదికి మించిన హెడ్లు గల డిస్కులను వాడుటకు దానిని ఒకటిగా నుంచవలసి యుండెను. పిమ్మట కొలది సంవత్సరములకే కంట్రోలరు కార్డులోనుండి డిస్కులోనికి ప్రవేశించెను. 1994లో ఆ యేర్పాటు ఏటీఏ అను పేర అమెరికా జాతీయ ప్రమాణమయ్యెను. హెడ్ల లెక్కతో కంప్యూటరునకు పని లేకుండ పోయెను. రెండు బిట్లు మాత్రము ఎచటికిని పోలేదు. నేటి లినక్సు మూలములో ఆ మూడవ బిట్టునకు కాలము చెల్లినదను అర్థము వచ్చు పేరు పెట్టి, ఆ పేరుతోనే దానిని యథావిధిగా ఒకటి చేసి వ్రాయుచున్నారు.

దీనిని చాదస్తమని నవ్వువారు ఉండవచ్చును. నాకు నవ్వు రాదు. ఆ బిట్టును వ్రాయుటకయ్యెడి ఖర్చు శూన్యము; వ్రాయకుండుటవలన లోకములో ఏ మూలనున్న ఏ పాత డిస్కు మొండికెత్తునో చెప్పగలవాడు లేడు. ఎదుటివాని స్థితి తెలియనప్పుడు పంపు ఆజ్ఞ గావున, దానిని అందరికిని తెలిసిన పాత రూపముననే పంపుట వివేకము.

ఇట్టి పాత సంకేతముల విషయమున, ఏటీఏ ప్రమాణములను రచించు టీ13 సంఘమువారు చేసికొనిన కట్టుబాటు మెచ్చదగినది. వాడుక తప్పిన యంశములను వారు రెండు తెగలుగా విభజించిరి. మొదటి తెగలోనివి ప్రమాణమునుండి తొలగింపబడినను, వానిని మరియే పనికిని ఎన్నడును వినియోగింపరాదు; పాత యంత్రముల కొరకు వాని పనిలో కొంత భాగమును ఇంకను చేయవలసి యుండవచ్చునని కూడ ఒప్పుకొనిరి. రెండవ తెగలోనివి మాత్రమే మున్ముందు వేరొక పనికి తీసికొనదగినవి. పాత డిస్కు హెడ్డును మొదటి సిలిండరునకు మరలింపుమను ఆజ్ఞ యొకటి యుండెడిది. హెడ్డు అడుగు వేయు వేగమును ఆజ్ఞలోనే చెప్పవలసిన కాలమున పుట్టినది గావున, అది ఒక్కటియే పదునారు సంకేతములను ఆక్రమించి యుండెను. ఆ వేగమును చెప్పవలసిన యవసరము తీరిన తరువాతను, ఏటీఏ డిస్కులు పదునారింటిలో దేనితో పిలిచినను పలుకుచుండెను.

ఒక కేబులుపై రెండు పరికరములను కట్టు నేర్పాటు వచ్చినప్పుడు అసలు చిక్కు మొదలయ్యెను. 3ఎఫ్6లోని రీసెట్ బిట్టును మోపినచో కేబులుపై నున్న రెండును ఒక్కసారిగా రీసెట్ అగును. మొదటి పరికరము రెండవదాని కుశలవార్తకై 31 సెకన్ల వరకు వేచియుండవలెనని ప్రమాణము. రెండును డిస్కులే యైనంతకాలము దీనివలన పెద్ద బాధ లేకుండెను. ఆ పిమ్మట సీడీ-రామ్ వచ్చినది. గీతలు పడిన పళ్లెముతో పెనుగులాడి సీడీ-రామ్ పలుకకున్నచో, దానిని మేల్కొల్పుటకై హార్డ్ డిస్కును కూడ పడగొట్టవలసి వచ్చెను. అప్పుడు ప్రమాణకర్తలు పాత బిట్టు యొక్క యర్థమును ఒక పరికరమునకే పరిమితము చేసి యుండవచ్చును. అట్లు చేసినచో అంతకుముందు వ్రాసిన ప్రోగ్రాములన్నియు తప్పుదారి పట్టెడివి. వారు ఆ పని చేయక, 08 అను సంకేతముతో సీడీ-రామ్ వంటి పరికరములకు మాత్రమే వర్తించు నొక చిన్న రీసెట్‌ను ప్రక్కన నిలిపిరి. పరికరము పనిలో మునిగి మరియే ఆజ్ఞను స్వీకరింపని వేళను దీనిని స్వీకరింపవలెనని శాసించిరి.

ఇందు మరియొక సూక్ష్మము గలదు. కొత్త పరికరమును పాత ప్రోగ్రాము హార్డ్ డిస్కని పొరబడకుండ, తానెవరో చెప్పుమని పాత పద్ధతిలో అడిగినపుడు సీడీ-రామ్ ఆ ప్రశ్నను తిరస్కరించి, రెండు రిజిస్టర్లలో 14, ఈబీ అను సంకేతములను ఉంచును. తెలిసిన ప్రోగ్రాము వానిని చూచి, కొత్త పద్ధతిలో మరల అడుగును. తెలియని ప్రోగ్రాము అచట డిస్కు లేదనుకొని తన దారిన పోవును. తెలియనివానికి హాని కలుగక, తెలిసినవానికి దారి తెరచియుండుట కంటె మేలైన సంస్కారమును నేనెరుగను.

ఏటీఏకు కొత్త రూపమగు సాటా వచ్చినప్పుడు నలువది తీగల వెడల్పాటి కేబులు పోయి ఏడు తీగల సన్నని కేబులు వచ్చెను. పాత కేబులులో రీసెట్ కొరకే యొక తీగ యుండగా, కొత్తదానిలో అట్టి తీగ లేదు. దాని స్థానమున ప్రత్యేకమైన యొక విద్యుత్సంకేతమును సమాచార తీగలపైననే పంపు నేర్పాటు చేసిరి. పాత రీసెట్ బిట్టును మాత్రము విడువక, దానిని మోపినప్పుడొకటి, దించినప్పుడొకటిగా చిన్న సందేశములను డిస్కునకు చేరవేసిరి. తీగలు మారిన సంగతి పాత ప్రోగ్రామునకు తెలియనే తెలియదు. అయితే ఇచట నొక కొత్త ఆపద పుట్టెను. కేబులు క్షణకాలము కదలి సంబంధము తెగి మరల కుదిరినను ఆ విద్యుత్సంకేతము వెలువడును. అప్పుడు డిస్కు తన యేర్పాట్లన్నిటిని మరచిపోయినచో, తాను ఏ రీసెట్‌ను ఇయ్యని కంప్యూటరు అవి యింకను ఉన్నవనియే భ్రమించును. కావున అట్టి సందర్భమున ముఖ్యమైన ఏర్పాట్లను డిస్కు నిలుపుకొనవలెనను నియమమును తరువాత చేర్చిరి.

డిస్కులను కంప్యూటరునకు కలుపు మరియొక విధానమైన స్కజీ చరిత్ర ఇంతకంటె రసవత్తరము. కాలిఫోర్నియాలోని సన్నివేల్ పట్టణమున షుగార్ట్ అసోసియేట్స్ అను సంస్థ రూపొందించిన పద్ధతిని ఆధారము చేసికొని పుట్టి, 1986లో అమెరికా జాతీయ ప్రమాణమైన ఈ విధానములో, ఎనిమిది పరికరముల వరకు ఒకే కేబులుపై చేరవచ్చును. అందొక తీగ రీసెట్‌కే అంకితము. ఎనిమిదింటిలో ఏదైనను ఆ తీగను కనీసము 25 మైక్రోసెకన్లపాటు పట్టినచాలు, తక్కినవన్నియు చేయుచున్న పనిని విడిచి పెట్టవలసినదే. ఒక యింటి దీపము చెడినదని వీధికంతటికిని విద్యుత్తు నిలిపినట్లుండెడి ఈ పద్ధతి వలన, ఒక డిస్కు మొరాయించినందుకు ప్రక్కనే టేపుపై జరుగుచున్న బ్యాకప్ నడుమ తెగిపోవుట పరిపాటి యయ్యెను. ఒక్క పరికరమునకే వర్తించు నట్టి రీసెట్ సందేశము కూడ ప్రమాణములో లేకపోలేదు. కాని తీగను లాగుట సులభము గనుకను, మాట వినని పరికరము సందేశమును మాత్రము వినునన్న నమ్మకము లేదు గనుకను, ప్రోగ్రాములు వ్రాయువారు పెద్ద రీసెట్‌నే మొదట ఆశ్రయించుచుండిరి.

పెద్ద రీసెట్‌ను నిత్యకృత్యముగా మార్చిన ఘట్టమొకటి 1997లో జరిగెను. ఆ యేట మైక్రోసాఫ్ట్ వారు విండోస్ ఎన్‌టీ 4.0 ఎంటర్‌ప్రైజు సంచికతోబాటు, రెండు సర్వర్లు ఒకే డిస్కును పంచుకొని, ఒకటి పడిపోయిన రెండవది పని నందుకొను క్లస్టరు విధానమును ప్రకటించిరి. డిస్కును తన వశమందుంచుకొనిన సర్వరు మూడు సెకన్ల కొకసారి ఆ హక్కును పునరుద్ఘాటించుచుండవలెను. దాని ప్రాణముపై సందేహము గలిగిన రెండవ సర్వరు కేబులును రీసెట్ చేసి ఆ హక్కును పోగొట్టి, పది సెకన్లు వేచి, ప్రతిఘటన రానియెడల డిస్కును తాను గైకొనును. యుక్తి చమత్కారమైనదే. కాని ఆపదకై ఏర్పడిన ఆజ్ఞను హక్కు బదలాయింపునకు సాధనముగా చేసికొనుట నాకు ఏనాడును రుచింపలేదు. డిస్కులు ఫైబర్ ఛానెల్ జాలములోనికి ఎక్కి, వందలకొలది సర్వర్లు ఒకే నిల్వయంత్రమును పంచుకొనసాగిన పిదప దాని దోషము బయటపడెను: ఆ జాలములో రీసెట్ తీగయే లేదు గావున, డ్రైవర్లు పాత యాజ్ఞను అనుకరించుటకై కనబడిన ప్రతి లక్ష్యమునకును, అనగా ప్రతి నిల్వయంత్రమునకును, వేర్వేరుగా రీసెట్ పంపుచు, సంబంధము లేని యంత్రముల పనిని కూడ చెరచుచుండెను.

దీనికి సమాధానముగా వచ్చినవి రెండు. నిల్వయంత్రములోని అనేక తార్కిక డిస్కులలో ఒక్కదానికే వర్తించు రీసెట్‌ను, స్కజీ ప్రమాణములను రచించు టీ10 సంఘము ప్రమాణములో చేర్చెను. లక్ష్యమంతటినీ పడగొట్టు పాత ఆజ్ఞ తరువాతి ప్రమాణములలో వాడుక తప్పినవాని జాబితాలోనికి చేరెను. మరియొక వంక, రీసెట్ చేసినను చెక్కుచెదరని హక్కుల పద్ధతి స్థిరపడెను. విండోస్ సర్వర్ 2003 మొదట తార్కిక డిస్కును, అది ఫలింపనియెడల లక్ష్యమును, అదియు ఫలింపనియెడల కేబులంతటినీ రీసెట్ చేయు మెట్ల పద్ధతిని అవలంబించెను. విండోస్ సర్వర్ 2008 నాటికి క్లస్టరు హక్కులకు రీసెట్‌తో పనియే లేకపోయెను. లినక్సులోను మెట్లు ఇట్టివే: మొదట చిక్కిన యాజ్ఞను రద్దుచేయుట, పిమ్మట డిస్కు, లక్ష్యము, కేబులు, చివరకు కంప్యూటరులోని అడాప్టరు. పాతదేదియు మూలమట్టుగా తొలగలేదు. అన్నిటికంటె పై మెట్టుపైకి చేరినది, అంతే.

రీసెట్ జరిగిన సంగతిని అందరికిని తెలియజేయు విషయమున స్కజీ ప్రమాణము చూపిన నేర్పు నాకు అన్నిటికంటె నచ్చినది. ఒక సర్వరు రీసెట్ చేసినచో, అదే డిస్కును వాడుచున్న మరియొక సర్వరు తరువాత పంపు ఆజ్ఞను డిస్కు వెంటనే నెరవేర్చక, ఏదో మార్పు జరిగినదని హెచ్చరించును. ఆ హెచ్చరికకు 29 అను సంకేతము. తొలినాళ్లలో దానికి అనుబంధముగా నున్న రెండవ సంకేతము సున్న. కరెంటు వచ్చినను, తీగ లాగినను, ఒక్క పరికరమునకే రీసెట్ వచ్చినను చెప్పు మాట ఒక్కటియే. కారణము తెలిసికొనవలసిన యవసరము పెరిగినకొలది, 29 ని కదల్చక, రెండవ సంకేతమునకు 1, 2, 3 మొదలుగా కొత్త విలువలను చేర్చుచు వచ్చిరి: కరెంటు వచ్చినందుకొకటి, కేబులు రీసెట్‌కొకటి, పరికరపు రీసెట్‌కొకటి, పరికరము తనంతట తాను రీసెట్ అయినందుకు మరియొకటి, కడకు సంబంధము తెగిపోయినందుకు ఏడవది. 29 ని మాత్రమే చూచు పాత ప్రోగ్రాము ఎప్పటివలెనే జాగ్రత్తపడును. రెండవ సంకేతమును కూడ చదువ నేర్చిన కొత్త ప్రోగ్రాము వివరమెరుగును. సున్న యన్నది నేటికిని సాధువే. దశాబ్దముల తరబడి ఒక్క మాటను చెరుపక దానికి అర్థవైవిధ్యమును కూర్చిన ఈ పని ఏ వ్యాకరణకర్త పనికిని తీసిపోదు.

2011లో వెలువడిన ఎన్‌వీఎంఈ ప్రమాణమునకు పాత బరువు లేదు. ఫ్లాష్ నిల్వకై తొలినుండియు నూతనముగా రచింపబడినది. అయినను బరువు పేరుకొనుటకు ఎంతో కాలము పట్టలేదు. మొదట నొక బిట్టుతో ఒక కంట్రోలరును రీసెట్ చేయు ఏర్పాటు మాత్రముండగా, 2012 నాటి సవరణలో డ్రైవంతటినీ ఒక్కసారిగా రీసెట్ చేయు నవకాశమును చేర్చిరి. ఇంత పెద్ద పని పొరబాటున జరుగకుండ, 78, 86, 77, 101 అను నాలుగు సంఖ్యలను ఒక్క రిజిస్టరులో వరుసగా వ్రాసినగాని అది ఫలింపదు. ఆ నాలుగును ప్రమాణపు పేరులోని నాలుగక్షరముల సంకేతములే. ఆ సౌకర్యము తనకు గలదో లేదో డ్రైవు ముందుగానే ఒక బిట్టుతో చాటవలెను. రీసెట్ తరువాత సిద్ధమగుటకు పట్టు గరిష్ఠకాలమును చెప్పు గడి ఎనిమిది బిట్లది. అరసెకను చొప్పున లెక్కింపగా 127.5 సెకన్లకు మించి చెప్పుటకు వీలులేదు. డ్రైవులు పెద్దవై అది చాలనపుడు, 2021లో వచ్చిన 2.0 ప్రమాణము ఆ గడిని సాగదీయక, ప్రక్కన వేరొక రిజిస్టరును నెలకొల్పెను. పాత గడి యథాస్థానముననే యున్నది. పదేండ్ల పసివాడును పాతవారి నడకనే నడువవలసి వచ్చెను.

ఇంత జాగ్రత్త దేనికి, పాతదానినంతటినీ ఒక్కమారుగా త్రోసివేసి శుభ్రముగా మొదలుపెట్టరాదా యను వారికి నేను చెప్పగల మాట ఒకటి గలదు. ఖర్చు లేదని నేననను: ప్రతి పాత సంకేతమును ఫర్మ్‌వేరులో మోయవలెను, ప్రయోగశాలలో పరీక్షింపవలెను, 31 సెకన్ల నిరీక్షణల వంటి తలబరువులను తరతరములు సహింపవలెను. కాని ఆ ఖర్చు నిర్మాత భరించునది, లెక్కకు అందునది. పాతదానిని తొలగించుటవలన కలుగు ఖర్చు ఎవరిపై పడునో ఎవరికిని తెలియదు; కర్మాగారములోనో, ఆసుపత్రిలోనో ఇరువదియేండ్లుగా ఎవరును ముట్టని యంత్రము ఒకనాడు డిస్కు మార్చినపుడు లేవకపోవును. మన తెలుగులోనే, యూనికోడునకు ముందు ఒక్కొక్క పత్రిక తన సొంత అక్షర సంకేతములతో కూర్చిన పుటలు ఆ ఫాంటు లేనివారికి నేడు అర్థము కాని గీతలై మిగిలినవి. కాలిఫోర్నియాలోని యూనికోడు సంఘమువారు, 2.0 సంచిక మొదలుకొని ఒకసారి ఇచ్చిన సంకేతమును తీసివేయబోమనియు, మార్చబోమనియు కట్టుబడి యుండుట చేతనే మనము నేడు నిశ్చింతగా వ్రాయుచున్నాము.

సంఘములను మెచ్చుకొనినంత మాత్రమున ప్రోగ్రాములు వ్రాయువారిని విడిచిపెట్టలేను. చిన్న రీసెట్లు ప్రమాణములో నుండగా పెద్దదానినే మొదట పంపుట, డ్రైవు తన శక్తిని చాటు బిట్టును చదువకయే ఊహించుకొనుట, 29 అను హెచ్చరికను పొరబాటుగా భావించి నిర్లక్ష్యముగా మరల ప్రయత్నించుట, ఇవన్నియు ప్రమాణముల దోషములు కావు. ఐచ్ఛికమని ప్రమాణము చెప్పినదానిని అక్కరలేనిదని అర్థము చేసికొను నిర్మాతలదియు తప్పే. సాన్ హోసే, ఫ్రీమాంట్, ఆస్టిన్ వంటి నగరములలో నిల్వ యంత్రముల ఫర్మ్‌వేరును, డ్రైవర్లను వ్రాయుచు జీవించు తెలుగు ఇంజనీర్లకు నా విన్నపము: మీరు ప్రతిదినము పలుకు ఆజ్ఞల పూర్వచరిత్రను ప్రమాణములలో చదువుడు, టీ10, టీ13 సంఘముల సమావేశములకు మీ సంస్థ పక్షమున వెళ్లు నవకాశము వచ్చినపుడు, అది విసుగు పనియని ఇతరులకు వదలివేయకుడు. ఇక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వముల డేటా కేంద్రములకు యంత్రములను కొనువారికి: పట్టు ఎంత, వేగమెంత యని అడుగుట తోడనే తృప్తిపడక, ఈ డిస్కు ఏయే రీసెట్లను ఎరుగును, ఒక్క తార్కిక డిస్కును రీసెట్ చేసినపుడు ప్రక్కవాని పని ఆగునా, సిద్ధమగుటకు గరిష్ఠముగా ఎంతకాలము పట్టును అను మూడు ప్రశ్నలకు వ్రాతపూర్వకముగా జవాబు తీసికొని, పరీక్షించి చూచిన పిమ్మటనే సంతకము చేయుడు.